మన సెలవులు, వాళ్ళ వానలు: ఆఫ్రికా గ్రీన్ సీజన్‌లో ఎక్కడికి వెళ్ళాలి

ఏప్రిల్ నాలుగో వారంలో బళ్ళకి సెలవులిస్తారు. సరిగ్గా అప్పుడే ఫోన్లలో "కెన్యా గ్రీన్ సీజన్ ఆఫర్, సగం ధరకే సఫారీ" అని మెసేజిలు తిరుగుతుంటాయి. ధర అబద్ధం కాదు. అది సగానికి ఎందుకు పడిందో మాత్రం అందులో రాయరు. గ్రీన్ సీజన్ అంటే వానాకాలమే. ఆ మాట అంటే ఎవరూ టికెట్ కొనరని టూరిజం వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు అది.

అలాగని వానల్లో వెళ్ళకూడదని కాదు. కొన్నిచోట్ల అసలు చూడాల్సింది వానల్లోనే కనిపిస్తుంది. ఎక్కడ, ఏ నెలలో అన్నదే లెక్క. బెజవాడ, గుంటూరు కుటుంబాలకి దానిమీద ఇంకో లెక్క ఉంటుంది: పిల్లల సెలవులు. మనకి దొరికేవి సంక్రాంతి, వేసవి, దసరా. అందుకని దేశం పేరు పట్టుకుని కాక సెలవు పట్టుకుని వెతకడమే సుళువు.

వాన ఎక్కడ, ఎప్పుడు

ఆఫ్రికా మొత్తానికి ఒకే వానాకాలం లేదు. వాన పట్టీ సూర్యుడి వెనకాలే, కొన్ని వారాలు ఆలస్యంగా, ఉత్తరానికీ దక్షిణానికీ తిరుగుతుంటుంది. మనకి నైరుతి పడే జూలై, ఆగస్టుల్లో అది ఇథియోపియా, పశ్చిమ ఆఫ్రికాల మీద ఉంటుంది. జనవరికి కిందికి దిగి జాంబియా, జింబాబ్వే, బోట్స్వానాల మీదికి వస్తుంది. పైకీ కిందికీ తిరిగేటప్పుడు భూమధ్యరేఖని రెండుసార్లు దాటాలి కదా, అందుకే కెన్యాకీ ఉత్తర టాంజానియాకీ ఏడాదికి రెండు వానాకాలాలు. మార్చి నుంచి మే దాకా పెద్దవానలు, నవంబరు, డిసెంబరుల్లో చిన్నవానలు. స్వాహిలీలో మొదటివి మసికా, రెండోవి వూలీ. దక్షిణాన నవంబరు నుంచి మార్చి దాకా ఒకటే వానాకాలం. కేప్‌టౌన్ మాత్రం తేడా: అక్కడ వాన చలికాలంలో, అంటే మే నుంచి ఆగస్టు దాకా పడుతుంది.

వానల్లోనూ రకాలున్నాయి. చిన్నవానలైనా, దక్షిణాది వానలైనా మామూలుగా పొద్దున ఎండ, మధ్యాహ్నం మబ్బు, సాయంత్రం ఉరుములతో గంటో రెండు గంటలో జల్లు. సఫారీ తిరిగేది పొద్దుటిపూట కాబట్టి రోజు పాడవదు. పెద్దవానలు, ముఖ్యంగా ఏప్రిల్ నుంచి మే సగం దాకా, అలా కాదు. రెండేసి రోజులు ముసురు పట్టి ఉండొచ్చు.

అసలు ఇబ్బంది నేలతో

తడవడం సమస్య కాదు, గొడుగో కోటో ఉంటుంది. కారు కదలకపోవడం సమస్య. కెన్యాలో మసాయి మారా మైదానాలు, టాంజానియాలో సెరెంగెటి పడమటి వైపు, బోట్స్వానాలో మబాబే పల్లం, ఇవన్నీ నల్లరేగడి. అక్కడి డ్రైవర్లు బ్లాక్ కాటన్ సాయిల్ అంటారు. ఆ పేరు మన దేశపు పత్తి నేలల నుంచి వెళ్ళిందే. ఆగస్టులో పల్నాడు పత్తి చేలో ట్రాక్టరు దిగబడటం చూసినవాళ్ళకి ఇక్కడ పెద్దగా చెప్పక్కర్లేదు.

చూడనివాళ్ళ కోసం: ఎండితే నెర్రెలు విచ్చే ఈ మట్టి తడిస్తే ఉబ్బి బంక అవుతుంది. పావుగంట జల్లు చాలు. ముందు టైరు గాళ్ళలో మట్టి నిండి టైరు నున్నగా తయారవుతుంది, పట్టు పోతుంది. తర్వాత టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య సందు పూడుకుపోతుంది. అప్పుడు డ్రైవరు యాక్సిలరేటరు తొక్కాడంటే చక్రం ఉన్నచోటే తిరుగుతూ గొయ్యి తవ్వుకుంటుంది, బండి అడుగు నేలకి ఆనుతుంది. ఇక ఇంకో బండి వచ్చి తాడు కట్టి లాగాల్సిందే. పార్కు మధ్యలో అయితే ఆ ఇంకో బండి రావడానికి రెండు మూడు గంటలు పట్టొచ్చు. అప్పటిదాకా ఎవరూ కిందికి దిగకూడదు, చుట్టూ గడ్డిలో ఏముందో తెలియదు కాబట్టి.

కాబట్టి చోటు ఎంచుకునేటప్పుడు "వాన పడుతుందా" అని కాదు, "రోడ్డు దేని మీద ఉంది" అని అడగాలి. తారు రోడ్డయితే దిగులు లేదు. మొరం రోడ్డు, అక్కడ మర్రమ్ అంటారు, మామూలు వానకి నిలుస్తుంది. రేగడి మీద ఉత్త బండి జాడే అయితే ఆ నెలలో వదిలేయండి.

రెండో ఇబ్బంది గడ్డి. ఎక్కడ చూసినా నీళ్ళుంటే జంతువులు చెరువు దగ్గరికి రానక్కర్లేదు, చెదిరిపోతాయి. గడ్డి నడుముదాకా పెరిగితే సింహం పది గజాల్లో పడుకున్నా కనబడదు. టాంజానియాలో తరంగిరె, నమీబియాలో ఎటోషా ఎండాకాలంలో ఎంత బాగుంటాయో వానల్లో అంత వెలితిగా ఉండేది ఇందుకే. డబ్బు తగ్గింది కదా అని తొలి సఫారీకి వాటిని ఎంచుకోవద్దు.

సంక్రాంతికి అయితే

గ్రీన్ సీజన్‌లో ఆఫ్రికా మొత్తమ్మీద మేలైన కాలం జనవరి చివర నుంచి మార్చి మొదటిదాకా, మేలైన చోటు సెరెంగెటికి దక్షిణాన ఉన్న ఎన్‌డూటు. ఇక్కడ పైన చెప్పిన గడ్డి సూత్రం తిరగబడుతుంది. ఎన్గొరొంగొరో ఎత్తుల్లోని అగ్నిపర్వతాల బూడిద పడి పడి ఈ మైదానం మీద పలచటి సారవంతమైన మట్టి, దాని అడుగున గట్టి పొర ఏర్పడ్డాయి. వేళ్ళు లోపలికి దిగవు. అందుకే చెట్టు ఎదగదు, గడ్డి పొట్టిగానే ఉంటుంది. ఆ గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువ, పాలిచ్చే తల్లులకి కావలసినవి అవే. లక్షల వైల్డ్‌బీస్టులు, అంటే ఎద్దులా కనిపించే పెద్ద అడవి జింకలు, ఇక్కడికొచ్చి రెండు మూడు వారాల వ్యవధిలో దాదాపు అన్నీ ఒక్కసారే ఈనుతాయి. దూడ పుట్టిన కొద్ది నిమిషాలకే లేచి పరుగు అందుకుంటుంది, లేవలేనిదాని కోసం చీతాలు, దుమ్ములగొండ్లు కాచుకుని ఉంటాయి. పొట్టి గడ్డి కాబట్టి ఇదంతా కంటికి అడ్డం లేకుండా కనిపిస్తుంది.

మూడు జాగ్రత్తలు. ఈనడం జోరందుకునేది ఫిబ్రవరిలో. మన సంక్రాంతి సెలవులు జనవరి 10 నుంచి 18 ప్రాంతంలో వస్తాయి, అప్పటికి మందలు చేరినా దూడలు కొన్నే ఉండొచ్చు. బడి గొడవ లేనివాళ్ళు ఫిబ్రవరి రెండు, మూడు వారాలు పెట్టుకోవడం మంచిది. రెండు, మందలు వానని బట్టి రోజుకో దిక్కు మళ్ళుతాయి, కాబట్టి ఎన్‌డూటులో ఒక్క రాత్రి సరిపోదు, కనీసం మూడు. మూడు, పేరుకి ఇది గ్రీన్ సీజనే గాని ధర మాత్రం కాదు. క్రిస్మస్ నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా ఇక్కడి క్యాంపులు, అంటే సఫారీ బసలు, గట్టి రేటే అడుగుతాయి. చవక కోసం చూసేవాళ్ళకి ఇది కుదరదు.

చవకగా, చిన్నపిల్లలతో అయితే జనవరిలో దక్షిణాఫ్రికా నయం. అక్కడి క్రూగర్ పార్కులో ప్రధాన రోడ్లన్నీ తారువి. మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి అద్దెకారు తీసుకుని మీరే తిరగొచ్చు. ఎండ బెజవాడ మార్చి నెలలా ఉంటుంది, పొదలు దట్టంగా ఉంటాయి, జంతువుల కోసం ఓపిక పట్టాలి. పక్షులు మాత్రం ఏడాదిలో ఎప్పుడూ లేనన్ని, యూరప్ చలికి పారిపోయి వచ్చినవి కూడా కలుస్తాయి. క్రూగర్‌లో మలేరియా ఉంది. ఐదేళ్ళ పిల్ల ఉంటే దాని బదులు మడిక్వే గాని, పిలానెస్‌బర్గ్ గాని చూడండి, అక్కడ మలేరియా లేదు. జనవరి మొదటి సగం వాళ్ళ బడులకి కూడా సెలవులే, గదులు ముందే పట్టుకోవాలి.

జాంబియాలోని సౌత్ లువాంగ్వా పార్కులో జనవరి నుంచి మార్చి దాకా కాలాన్ని ఎమరాల్డ్ సీజన్ అంటారు. లోపలి క్యాంపులు చాలావరకు మూసేస్తారు. ఎంఫూవే గేటు చుట్టుపక్కల ఉన్నవి మాత్రం నడుస్తాయి. నది పొంగాక పడవ మీద, మునిగిన చెట్ల మధ్యనుంచి సఫారీ చేయడం ఇక్కడి ప్రత్యేకం. ఇది, బోట్స్వానాలోని సెంట్రల్ కలహారీ, రెండూ రెండోసారి వెళ్ళేవాళ్ళకి. కలహారీ వానల్లోనే పచ్చబడి లేళ్ళతో నిండుతుంది గాని, అక్కడ ఒంటరిగా ఒక్క బండితో పోవడం తెలివైన పని కాదు.

బోట్స్వానాలోదే ఒకవాంగో డెల్టా దగ్గర చాలామంది పొరబడతారు. వాన పడే జనవరిలోనే డెల్టా నిండుగా ఉంటుందనుకుంటారు. కాదు. ఆ నీళ్ళు అంగోలా కొండల్లో పడిన వానవి, నెలల తరబడి పారి వచ్చి జూన్, జూలై, ఆగస్టుల్లో డెల్టాని నింపుతాయి. అప్పుడక్కడ చినుకే ఉండదు. ఎగువన మహారాష్ట్రలో, కర్ణాటకలో కురిసినందుకు బెజవాడలో ఎండ కాస్తుండగా ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తడం మనకి తెలిసిందే, ఇదీ అంతే. పడవ తిరగాలంటే జనవరిలో వెళ్ళకండి.

వేసవికి అయితే

మన సెలవుల్లో ఇదే పొడుగు, ఏప్రిల్ 24 ప్రాంతం నుంచి జూన్ 11 దాకా. ఆ ఏడు వారాల్లో మొదటి నాలుగు తూర్పు ఆఫ్రికాకి ఏడాది మొత్తంలో అధ్వాన్నమైనవి. మారా, సెరెంగెటి, జాంజిబార్ మూడూ ముసురులో ఉంటాయి. చాలా క్యాంపులు ఏప్రిల్, మే నెలల్లో తాళం వేసుకుంటాయి. 2024 మే మొదట్లో మారాలో తాలెక్ నది పొంగి ఒడ్డున ఉన్న క్యాంపులు మునిగాయి, టూరిస్టుల్ని హెలికాప్టర్లలో బయటికి తెచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌కి చేసింది మరిచిపోనివాళ్ళు ఏటి ఒడ్డు గది ఎందుకు చవకో ఆలోచించాలి. ఇంకో మాట: గది ధర మూడో వంతో సగమో తగ్గినా మన వైపు నుంచి విమానం టికెట్ తగ్గదు, అది మన వేసవి రద్దీ ధరే. రెండూ కలిపి కూడితే ఆఫర్ అంత గొప్పగా ఏమీ కనబడదు.

ఈ నాలుగు వారాల్లో వెళ్ళదగ్గది జాంబియా, జింబాబ్వేల సరిహద్దులో ఉన్న విక్టోరియా జలపాతం. జాంబెజీ నది నిండుగా పారేది మార్చి నుంచి మే దాకా. దాదాపు 1,700 మీటర్ల వెడల్పు, 100 మీటర్లకి పైగా లోతు ఒకే తెరలా పడుతుంది. అసలు చిక్కేమిటంటే, తుంపర అంత ఎత్తుకి లేచి ఎదుట నిలబడితే తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడకపోవచ్చు. అందుకని ఏప్రిల్, మేలలో వెళ్తే పైనుంచి చూపించే హెలికాప్టర్‌కి డబ్బు పక్కన పెట్టుకోండి, ఈ నెలల్లో దానికి పెట్టిన ఖర్చు వృథా కాదు. నడిచి చూడటానికి జింబాబ్వే వైపు పొడుగాటి దారి ఉంది. జాంబియా వైపు నైఫ్ ఎడ్జ్ వంతెన మీద నిలువునా తడుస్తారు. రెండు వైపులా చూసి మళ్ళీ వెనక్కి రావాలంటే వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చారా, ఎక్కువ సార్లకా అన్నది ముందే సరిచూసుకోండి. అక్టోబరు, నవంబరుల్లో ఇదే జాంబియా వైపు ఉత్త నల్లరాయి గోడ మిగులుతుంది.

చివరి పదకొండు రోజులు, జూన్ 1 నుంచి 11, మన కుటుంబాలకి దాచిపెట్టినట్టుండే అదను. పెద్దవానలు తగ్గుముఖం పట్టి ఉంటాయి, మారా ఇంకా పచ్చగానే ఉంటుంది, రద్దీ మొదలవదు. పైగా మారా ప్రవేశ రుసుము బయటి దేశాలవాళ్ళకి తలకి రోజుకి జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జూలై 1 నుంచి డిసెంబరు దాకా 200. ఇద్దరు పెద్దవాళ్ళకి మూడు రోజులకి 600 డాలర్లు అయ్యేది జూలైలో 1,200 అవుతుంది. ఒక్కటి వదులుకోవాలి: టీవీల్లో చూపించే, వైల్డ్‌బీస్టుల మందలు మారా నది దాటే దృశ్యం ఉండదు. జూన్‌లో మందలు ఇంకా సెరెంగెటిలోనే ఉంటాయి, మారాకి చేరేది జూలై తర్వాత. సింహాలు, ఏనుగులు, జిరాఫీలు, చీతాలు అక్కడే కాపురం ఉండేవి కాబట్టి వాటికి లోటు లేదు. నది దాటడమే చూడాలని పట్టుదల ఉంటే బడికి సెలవు పెట్టించి ఆగస్టులో వెళ్ళడం తప్ప దారి లేదు.

దసరాకి

అక్టోబరు గ్రీన్ సీజన్ కాదు. దక్షిణాన ఎండలు ముదిరి, నీళ్ళు అడుగంటి, జంతువులన్నీ మిగిలిన మడుగుల దగ్గర మూగే కాలం. చూడటానికి మంచిదే, ధర మాత్రం పైన ఉంటుంది. పచ్చదనం కావాలంటే దీపావళి దాటనివ్వండి. నవంబరులో జాంబియాలోని కసంకాకి గడ్డిరంగు గబ్బిలాలు లక్షల్లో కాదు, కోటి దాకా వస్తాయి. సాయంకాలం అవి చిన్న అడవి తునకలోంచి లేచేటప్పుడు ఆకాశం నల్లబడుతుంది. కసంకా చేరడమే ఓ రోజు పని, పిల్లలతో వద్దు.

గొరిల్లాల సంగతి వేరు

రువాండా, ఉగాండా కొండల్లో ఎండాకాలంలోనూ వాన పడుతుంది, కాబట్టి సీజన్ మీద మరీ పట్టింపు అక్కర్లేదు. వానల్లో దారి జారుతుంది, ఎక్కడానికి ఒకటి రెండు గంటలు ఎక్కువ పడుతుంది, దానికి బదులు పర్మిట్ తేలిగ్గా దొరుకుతుంది. పర్మిట్ రువాండాలో 1,500 డాలర్లు, ఉగాండాలో 800. పదిహేనేళ్ళు నిండనివాళ్ళని పంపరు. గొరిల్లాల దగ్గర ఉండనిచ్చేది ఒక్క గంట. మోకాలి నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తే ముందే చెప్పండి, దగ్గర్లో తిరిగే గుంపుని కేటాయించమని అడగొచ్చు. మోతగాణ్ణి పెట్టుకోవడానికి మొహమాటపడొద్దు, చెయ్యి పట్టి ఎక్కించేది అతనే.

డబ్బు కట్టే ముందు

ఏజెంటుని ఇవి అడగండి, జవాబు వాట్సాప్‌లో రాతగా తీసుకోండి. బండి ఏది? ల్యాండ్‌క్రూజరా, పైకప్పు లేచే వ్యానా? ఎండాకాలంలో వ్యాను సరిపోతుంది, వానల్లో రెండు చక్రాలకే శక్తి అందే వ్యాను రేగడిలో గంటకోసారి ఆగుతుంది. "4 బై 4" అని మాత్రమే రాసి ఉంటే బండి పేరు అడగండి. రెండు స్టెప్నీలు, పార, లాగే తాడు, ఎత్తైన జాకీ ఉంటాయా? క్యాంపు ఏటికి ఎంత ఎత్తులో ఉంది? ఆ తేదీల్లో క్యాంపు నిజంగా తెరిచి ఉంటుందా, లేక "అదే స్థాయి" మరో క్యాంపుకి మారుస్తారా? చిన్న విమానం దిగే మట్టి రన్‌వే తడిసి మూతపడితే రోడ్డు మీద తీసుకెళ్ళే ఖర్చు ఎవరిది? చివరి ప్రశ్నకి నీళ్ళు నమిలే ఏజెంటుని వదిలేయండి.

వెళ్ళే దారి బెజవాడ నుంచి ఎలాగూ గన్నవరంలోనో శంషాబాద్‌లోనో ఎక్కి ముంబై, గల్ఫ్ లేదా అడ్డిస్ అబాబా మీదుగానే. తిరుగు ప్రయాణంలో సఫారీ ముగిసిన రోజే అంతర్జాతీయ విమానం పెట్టుకోవద్దు. వానల్లో ఒక రాత్రి నైరోబీలోనో అరూషాలోనో ఉండటం లెక్కలో వేసుకోండి.

సూది, మాత్రలు

కెన్యా, ఉగాండా, ఇథియోపియాలకి వెళ్ళొచ్చేవాళ్ళకి ఎల్లో ఫీవర్ సూది సర్టిఫికెట్ లేకపోతే మన దేశంలో దిగగానే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. సూది పడిన పదో రోజు నుంచే అది చెల్లుతుంది, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. ప్రతి ఆస్పత్రిలో వేయరు, గుర్తింపు పొందిన కేంద్రాల్లోనే. హైదరాబాద్ నారాయణగూడలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. పాస్‌పోర్టు తప్పనిసరిగా పట్టుకెళ్ళాలి, సర్టిఫికెట్‌గా ఇచ్చే పసుపుపచ్చ పుస్తకంలో పాస్‌పోర్టు నంబరు ఒక్క అంకె తప్పినా అక్కడే దిద్దించుకోండి. అరవై దాటినవాళ్ళు, గుడ్డు పడనివాళ్ళు ముందు డాక్టరుకి చెప్పాలి. దక్షిణాఫ్రికాకి నైరోబీ, అడ్డిస్ల మీదుగా వెళ్తూ అక్కడ 12 గంటలు దాటి ఆగితే ఈ సర్టిఫికెట్ వాళ్ళూ అడుగుతారు.

వానల్లో దోమలు, దోమలతో మలేరియా పెరుగుతాయి. అక్కడిది ఎక్కువగా ఫాల్సిపరం, ప్రాణం మీదికి తెచ్చే రకం. నివారణ మాత్రల్లో అటోవాకోన్-ప్రోగ్వానిల్ వెళ్ళడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి తిరిగొచ్చాక ఏడు రోజులు వాడాలి, డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక నాలుగు వారాలు. ఎవరికి ఏదన్నది డాక్టరే తేల్చాలి. చాలామంది ఇంటికి రాగానే మానేస్తారు, తప్పు జరిగేది అక్కడే. వచ్చాక నెలా రెండు నెలల్లో జ్వరం తగిలితే గుంటూరులో డాక్టరు ముందు డెంగీ అనుకుంటారు, కాబట్టి కూర్చోగానే "ఆఫ్రికా వెళ్ళొచ్చాం" అన్న మాట చెప్పి అదే రోజు మలేరియా పరీక్ష చేయించండి.

సంచీ

చిన్న విమానం ఎక్కేటట్టయితే చేతి సంచీతో కలిపి తలకి 15 కిలోలే, అదీ మెత్తటి సంచీ. చక్రాల సూట్‌కేసు ఆ డిక్కీలో పట్టదు. జీన్స్ తడిస్తే రెండు రోజులు ఆరవు, పలచటి సింథటిక్ ప్యాంట్లు రెండు చాలు. ముదురు నీలం, నలుపు బట్టలు వద్దు, వాటికి సెట్సీ ఈగలు ముసురుతాయి, కుడితే బట్టలోంచి కూడా మండుతుంది. గొడుగు బండి పైకప్పు తెరిచినప్పుడు పనికిరాదు, తలమీంచి మోకాళ్ళ దాకా వచ్చే వానకోటు కావాలి. జల్లు వచ్చి అద్దాలు మూసేస్తే లోపల ఆవిరి పట్టి ఏమీ కనబడదు, తుడవడానికి పాత నూలు పంచె ముక్క ఒకటి చేతిలో ఉంచుకోండి. చాలా క్యాంపులు సోలార్ మీద నడుస్తాయి. మబ్బు రోజున ఛార్జింగ్ కొన్ని గంటలే ఇస్తారు, పవర్ బ్యాంక్ మరవొద్దు.

ఆవకాయ, కందిపొడి తీసుకెళ్ళేవాళ్ళు ఎలాగూ తీసుకెళ్తారు. మామూలు ప్లాస్టిక్ క్యారీ కవర్లు కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి నిషేధం, ఎయిర్‌పోర్టులోనే తీయించేస్తారు. మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో పెట్టి, నూనె కారకుండా పాత తువ్వాలు చుట్టి, చెక్-ఇన్ సంచీలో బట్టల మధ్యన ఇరికించండి.